కొండ దిగనన్న రాజేశం

ఈ పనిలకు కొత్తగ వచ్చే పిల్లలు నన్ను కలిస్తే మొదలు అడిగేది ఒక్కటే. సార్, మీరు ఎంత ఎత్తు దాక ఎక్కిండ్రు? నిజం చెప్పంగనే వాళ్ల ముఖాలు వాడిపోతయి. నేను ఏ కొండా ఎక్కలేదు. నా నౌకరంత కొండ కిందనే గడిచింది. హైదరాబాదుల ఒక కంపెనీ మనుషులను నేపాల్‌ల ఉన్న పెద్ద పెద్ద మంచుకొండల మీదికి తీసుకపోయేది. ఆ కొండల అడుగున, బండలు మంచు తప్ప ఇంకేం లేని చోట, గుడారాలు వేయించి, వంట చేయించి, ఎక్కేటోళ్లకు కావలసినవన్ని చూసుకునే బేస్ క్యాంప్ మేనేజర్‌ను నేను.

మాది కోరుట్ల. మా నాయినది కిరాణ దుకాణం. గల్లపెట్టె పక్కన గోనెసంచి మీద కూసొని అక్షరాలు నేర్చుకున్నోన్ని. అట్లాంటోనికి ఎక్కుడు ఎట్ల తెలుస్తది? కూసునుడు తెలుసు, బేరం తెలుసు. ఆ రెండింటితోనే ఇన్నేండ్లు ఎల్లదీసిన. షెర్పాలు కూడ నన్ను పేరు పెట్టి పిలువలేదు, సేటు జీ అనే అన్నరు.

ఏ ఏడు ఏ హోదా వచ్చిందో రాయబోను. అది చదివితే మీకు నిద్ర వస్తది, రాస్తే నాకే వస్తది.

కూసునుడే అసలు పని

అంత ఎత్తుల గాలి పల్చగుంటది. పోయిన కొత్తల బూటు లేసు కట్టుకున్నా ఆయాసమే. తల నొస్తది, నిద్ర పట్టదు, కడుపు ఉబ్బుతది. ఉబ్బిన కడుపు ఊకోదు గద. మా భోజనాల గుడారంల ఆఫీసర్లు, వ్యాపారులు, ఒక రిటైర్డ్ జడ్జి, అందరిది ఒకటే సంగీతం. మొదట్ల సిగ్గుపడి, ఆ సప్పుడు వినబడకుండ దగ్గుతరు. కొన్నాళ్లకు దగ్గుడు కూడ మానేస్తరు.

ఒంటిని ఆ గాలికి అలవాటు చేసుకునేటందుకు ఒకటే పద్ధతి ఉన్నది. బేస్ క్యాంపు నుంచి పైన ఒకటో క్యాంపుకు పోవాలె, అక్కడ పండుకోవాలె, మల్ల కిందికి రావాలె. తినాలె, పండాలె. మల్ల పోవాలె, మల్ల రావాలె. నెల రోజులు ఇదే తంతు. పెద్ద చదువులు చదివినోళ్లు కూడ ఎక్కినంక దిగుడెందుకని నాతోని వాదించేది. నాకైతే విన్న నిమిషంలనే సమజైంది. మా పక్క బట్టల దుకాణంల చీర కొననీకి వచ్చిన ఆడోళ్లను చూసి పెరిగినోన్ని. ధర అడుగుతరు, ముఖం చిట్లిస్తరు, చెప్పులేసుకొని మెట్లు దిగుతరు, నాలుగడుగులు పోయి మల్ల వస్తరు. వచ్చిన ప్రతిసారి దుకాణపాయన ఇంకింత మెత్తబడతడు. కొండతోని చేసే బేరం కూడ అట్లనే. ఒక్కసారికే తెంపుకోవాలని చూసినోడు నష్టపోతడు, ఆ నష్టం ప్రాణం.

ఇంత చిన్న ముచ్చట సమజ్ కాక మా జిల్లానే నాకు ఒకసారి చుక్కలు చూపెట్టింది.

కర్నల్ సాబ్

ముందుగాల మా పై అధికారి సంగతి చెప్పాలె. మిలటరీ నుంచి వచ్చిన కర్నల్ సాబ్, సొంతిల్లు ఢిల్లీల, ఎక్కే కాలమంత మాతోని క్యాంపుల. కొండ ఆయనకు కొట్టిన పిండి. మనసు మంచిదే. గని ఆయన దగ్గర ఉన్న పనిముట్టు ఒక్కటే, ఆర్డర్. అంత ఎత్తుల నీళ్లు జల్ది మరుగుతయి గని పప్పు ఉడకదు. కుక్కర్ చెడిపోయిన నాడు ఆయన వంటాయనకు అర్ధగంటల పప్పు ఉడకాలని ఆర్డర్ వేసిండు. వంటాయన సెల్యూట్ కొట్టిండు. పప్పు మాత్రం కొట్టలేదు. పండ్ల కింద కటకటలాడే పప్పును ఆ రోజు మేమంత మాట్లాడకుండ తిన్నం.

అరిచే అధికారి కింద పని చేయవలసి వస్తే భయపడకుండ్రి. ఆయన అరుపు అయిపోయినంక మీ పని మొదలైతది, అంతే.

మూడూర్ల జెండా

తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న ఎండకాలమది. ప్రతి ఊర్లె రోడ్డు పక్కన టెంట్లు, టెంట్లల్ల వంతులవారీగ నిరాహార దీక్షలు. సిరిసిల్ల టెంటుల కూసున్న ఎవరికో ఒక ఆలోచన వచ్చిందట. రోడ్డు మీద ఎన్ని ధర్నాలు చేసినా ఢిల్లీకి కనబడుతలేదు, లోకంల అందరికంటె ఎత్తుల జెండా పాతితే ఎట్ల కనబడదో చూస్తం అని. ఆ టెంటుకు పెద్ద నర్సయ్య సారు, రిటైరైన హెడ్మాస్టరు. ఎవరిని పంపాలె అంటే ఒక్కలు కూడ ఆలోచన చేయలేదట. ముస్తాబాద్‌ల రాజేశం గౌడ్ పొద్దున మాపున తాటిచెట్లు ఎక్కుతడు, ఆయనకు కొండ ఒక లెక్కనా అన్నరు.

మా వాళ్లు చేసిన మొదటి తప్పు అదే. తాటిచెట్టు ఎక్కినోడు కల్లు గీసుకొని దిగుతడు. నెల రోజులు చెట్టు కింద గుడారమేసుకొని చెట్టుకు అలవాటు పడడు.

అయితే రాజేశం ఉత్తగ రాలేదు. కొండలెక్కే శిక్షణకు పోయి, అక్కడ మంచి పేరు తెచ్చుకొనే వచ్చిండు. ఒళ్లు గట్టిది, మాట మెత్తనిది. మొండితనం ఒళ్లుకంటె గట్టిది.

మోసే బరువు తగ్గాలని పండ్ల బ్రష్ కాడను సగానికి విరుచుకొని వచ్చేటోళ్లను చూసిన నేను. ఈయన మూడు జెండాలు తెచ్చిండు. సిరిసిల్లోళ్లు మరమగ్గం మీద నేసింది ఒకటి. అది చూసి జగిత్యాలోళ్లు దానికంటె పెద్దది పంపిండ్రు. మా కోరుట్లోళ్లు చందా ఇచ్చినోళ్ల పేర్లన్ని అచ్చేసిన బ్యానర్ పంపిండ్రు. దాన్ని పరిస్తె ఇద్దరు మనుషులు పండుకోవచ్చు. నేను ముగ్గురితోని ఫోన్ల మీద బేరమాడి, మూడింటి నుంచి తలా ఇంత ముక్క కత్తిరించి, మా వంటాయనతోని ఒకటే జెండా కుట్టిచ్చిన. అందుల జగిత్యాల ముక్క జానెడు ఎక్కువ పడ్డదని ఇప్పటికీ పెండ్లిళ్లల్ల నన్ను నిలబెట్టి అడిగేటోళ్లున్నరు.

బేస్ క్యాంపు బంద్

మేము అక్కడ ఉండంగనే తెలంగాణ బంద్‌కు పిలుపు వచ్చింది. రేడియోల విన్న రాజేశం, మన దగ్గర కూడ బంద్ అన్నడు. పొద్దున్నే లేచి ఒక్కొక్క దేశపోళ్ల గుడారం కాడికి పోయి, వంటలు బంద్ పెట్టుండ్రని రెండు చేతులు జోడించి అడిగిండు. వాళ్లు ఇదేదో పూజనుకొని వాళ్లు కూడ చేతులు జోడించిండ్రు, టిఫిన్ పెట్టి పంపిండ్రు.

ఇట్ల కాదని జెండా పట్టుకొని దారికి అడ్డంగ కూసున్నడు. రాస్తారోకో. ఆ దారిల వచ్చేటివి సామాను మోసే జడల బర్రెలు. ముందటి బర్రె ఈయన దాక వచ్చి, వాసన చూసి, పక్కనే మోకాళ్లు మడిచి పండింది. సంఘీభావం తెలిపిందని రాజేశం ఎంతో సంబురపడ్డడు. తీరా చూస్తే ఆ బర్రెల మీద వస్తున్నది మా కిరోసినే. కర్నల్ సాబ్ దారి ఖాళీ చేయించాలని నాకు ఆర్డర్ వేసిండు. నేను పోయి రాజేశం పక్కన, బర్రెకు ఇవతల, కూసున్న. మన దిక్కు బంద్ నాడు ఆసుపత్రి బండ్లను ఆపుతరా అని అడిగిన. ఆపరు, అత్యవసర సేవలకు మినహాయింపు ఉంటదన్నడు. ఈ చలిల కిరోసిన్ అంతకంటె అత్యవసరం కాదా అన్న. జెరసేపు ఆలోచన చేసి, లేచి, బర్రెను కూడ తానే బతిమిలాడి లేపిండు.

మనిషికి తన లోకంల ఉన్న నియమం చూపెడితే ఇంటడు. మన నియమం చూపెడితే ఇనడు. అప్పుడు దీన్ని నవ్వులాటకు అనుకున్న, తర్వాత అదే అక్కరకొచ్చింది.

సిరిసిల్ల మైకు

మా దగ్గర ఒక శాటిలైట్ ఫోను ఉండేది. దాంట్ల రాజేశం రోజు సిరిసిల్ల టెంటుకు మాట్లాడేది. అక్కడోళ్లు ఆ ఫోన్‌ను మైకు ముందర పెట్టేది. కొండ మీద మనిషి గొంతు బజారంత వినబడేది.

మొదటిసారి ఒకటో క్యాంపుకు పోయి, పండుకొని, దిగి వచ్చిండు. చానా మంచిగ చేసిండు. ఆ సంతోషంతోనే ఫోన్‌ల చెప్పిండు, పైకి పోయిన, మంచిగ కిందికచ్చిన అని. అటు దిక్కు బజారు సప్పుడు ఆగిపోయింది. నర్సయ్య సారు ఫోను తీసుకున్నడు.

"కిందికెందుకచ్చినవ్ రా?"

"రావాలె సార్. గట్లనే ఉంటది."

"ఎవరు రమ్మన్నరు?"

"కర్నల్ సాబ్."

"గా కర్నల్ ఎక్కడోడు?"

"ఢిల్లీ సార్."

అక్కడికి లైన్ కట్టయ్యింది. కొండల నడుమ ఆ ఫోన్‌కు అదే జబ్బు, సరిగ్గ కట్ కాకూడని చోట కట్టయ్యేది.

ఆ రోజులు తెలిసినోళ్లకు ఇంతకంటె చెప్పనక్కర లేదు. తెల్వనోళ్ల కోసం చెప్తున్న. అంతకు కొంత ముందే ఢిల్లీ సర్కారు తెలంగాణ రాష్ట్రమిస్తమని చెప్పి, మల్ల వెనక్కి తగ్గింది. రాజీనామాలు ఇచ్చిన నాయకులు కొందరు వాపసు తీసుకున్నరు. ముందటికి పోయి వెనక్కి వచ్చినోడు ఎవడైనా సరే, జనం కండ్లకు అమ్ముడుపోయినోడే. జగిత్యాల విలేకరి ఒకాయన, ఢిల్లీ ఒత్తిడికి రాజేశం తలొగ్గిండా అని పెద్ద అక్షరాలతోని రాసిండు.

రాజేశం రెండోసారి పైకి పోయిండు. ఆయన ఒకటో క్యాంపుల ఉండంగ, సిరిసిల్ల నుంచి నర్సయ్య సారు, జనం ఆటోలల్ల ముస్తాబాద్ పోయి ఆయన ఇంటి ముంగట టెంటు వేసిండ్రు. రాజేశం కొండ దిగొద్దని ధర్నా. ఆయన భార్య రాజవ్వ నాకు ఫోన్ చేసింది.

"అందరు మన దిక్కోల్లే సేటు, మనం ఎరిగినోల్లే. ఎండకు మాడుతున్నరని చల్ల పోసిన. తాగి, మూతి తుడుసుకొని, మల్ల ఆయన్ను తిట్టవట్టిరి."

నేను వాకీటాకీల రాజేశంకు సంగతి చెప్పిన. దాచేటిది కాదు. కొండ మీద ఉన్న మనిషికి కింద నుంచి ఒక్క అబద్ధం పోయిందంటే ఆ తర్వాత మన మాట దేనికీ పనికి రాదు. విన్నడు. గట్లయితే నేను దిగ అన్నడు. నా ఇంటి ముంగట టెంటు తీసేసిందాక అన్నం ముట్ట, గీడికెల్లి కదల. దీక్ష.

లేచేదెవరు, లేపేదెవరు

గుడారంల కూసున్నా కొంత నయముండు. ఆయన బయట మంచుల కూసున్నడు. లోపట కూసుంటే ఎవరు చూస్తరన్నడట. బయట చూసేటోళ్లు కూడ ఎవరు లేరు. ఆయనతోని ఉన్న షెర్పా పెంబా, పక్క గుడారంల ఒక ఆస్ట్రియా దేశపు ముసలి డాక్టరు, అంతే. ఆ డాక్టరు తన సొంతంగ కొండెక్కనీకి వచ్చినాయన, తెల్లటి గడ్డం బొడ్డు దాక ఉండేది.

పెంబా నాకు పైకెల్లి చెప్పుకుంట వచ్చిండు. రాజేశం కుడిచేతి గ్లౌజు ఎడమచేతికి వేసుకున్నడు, సరిగ్గనే ఉన్నదంటున్నడు. లేస్తే తాగినోని లెక్క తూలుతున్నడు. డాక్టరు చూసి మెదడు వాస్తున్నదని చెప్పిండు. దీనికి ఒకటే ఇలాజు, కిందికి దిగుడు. మధ్యాహ్నం మబ్బులు కమ్మేలోపు తన కాళ్ల మీద తాను దిగాలె. ఆ తర్వాత ఆయన నడువలేడు, ఆ మంచు పగుళ్లల్ల మనిషిని మోసుకొచ్చుడు ఎవరి వశం కాదు. సూదిమందు ఇయ్యబోతే దీక్షల మందు తీసుకోనన్నడు.

కర్నల్ సాబ్ వాకీటాకీ గుంజుకొని ఆర్డర్ వేసిండు. రాజేశం ఢిల్లీ మాట నేను ఇన అని మిషిను మంచుల పడేసిండు. ఆ తర్వాత పెంబా మిషినే దిక్కు. కర్నల్ సాబ్ పోయి బండ మీద కూసున్నడు. 

ఇగ నా పని మొదలైంది. ఒక చేతుల వాకీటాకీ, ఒక చేతుల ఫోను. ఇంకో బ్యాటరీ చలికి సచ్చిపోకుండ చంకల పెట్టుకున్న. టెంటు తీసేస్తే దిగుత అని పైన రాజేశం. దిగనని మాటిస్తే టెంటు తీస్తమని అటు నర్సయ్య సారు. ఒకరు ఎక్కువ అడిగితే ఇంకొకరు తక్కువ అడిగేది బేరం. వీళ్లిద్దరు అడిగేటివి ఒకదాని ముఖం ఒకటి చూడవు. ఎట్ల కలుపుతం?

దిగుడు కూడ ఎక్కుడుల భాగమేనని నర్సయ్య సారుకు మొదటి నుంచి చెప్పిన. నాకు సమజైంది సేటు, జనానికి ఎట్ల చెప్పాలె, ఎనుకకొస్తున్నడు అన్న మాట ఇనంగనే మండిపడుతున్నరు అన్నడు. అప్పుడు రాజవ్వ ఫోను అడిగింది. ఆయన పానం సంగతి ఆమెకు ఉన్నదున్నట్టు చెప్పిన. ఆమె ఏడువలేదు. నర్సయ్య సారు దిక్కు తిరిగి అన్న మాట నాకు ఇటు వినబడ్డది.

"సార్, మా ఆయన గాడనే సస్తే రేపు మీరు ఎవరి ఇంటి ముంగట కూసుంటరు?"

 బ్యాటరీ అరుగుతున్నది. నేను నర్సయ్య సారును ఒక్కటే అడిగిన.

"సార్, దీక్ష విరమించినోన్ని మీరెప్పుడన్న తిట్టిండ్రా?"

"లేదు. దండేసి ఊరేగింపు తీస్తం."

"రాజేశం ఇప్పుడు దీక్షల ఉన్నడు. విరమిస్తడు. విరమించినోడు ఇంటికి రాకుండ గాడనే ఉంటడా?"

సారుకు ప్రాణం లేచొచ్చింది. అయితే హెడ్మాస్టరు గద, పద్ధతి తప్పనియ్యడు. నిమ్మరసం ఎవరిస్తరు, పెద్దమనిషి ఇయ్యాలె, తక్కువల తక్కువ మాజీ ఎమ్మెల్యే అన్న ఉండాలె అన్నడు. సార్, ఇక్కడ జడల బర్రెలు తప్ప ప్రజాప్రతినిధులు దొరకరన్న. మరి తెల్లగడ్డం డాక్టరు నడుస్తడా అన్న. ఆయన తెలంగాణకు మద్దతిస్తడా అని అడిగిండు.

వాకీటాకీల డాక్టరును అడిగిన. నా దుకాణం ఇంగ్లీషుల, పెద్ద రాష్ట్రంల నుంచి చిన్న రాష్ట్రం కావాలంటున్నం అని చెప్పిన. ముసలాయన జెర ఆగి, మాది ఒకప్పుడు ఎంత పెద్ద రాజ్యమో, ఇప్పుడు ఎంత చిన్న దేశమో తెలుసా అన్నడు. చిన్నగుంటనే బాగున్నది, సుఖంగ ఉన్నం అన్నడు. ఇది మక్కికి మక్కి నర్సయ్య సారుకు చెప్పిన. తెల్లారి సిరిసిల్ల టెంటుకు 'ఆస్ట్రియా సంపూర్ణ మద్దతు' అని బ్యానర్ కట్టిండ్రు.

ఇంక పంచాయితీ ఒడువలేదు. టెంటు కాడికి వచ్చిన జగిత్యాలోళ్లు విరమణ అనొద్దు, తాత్కాలిక విరమణ అనాలన్నరు. కోరుట్లోళ్లు ప్రకటనల మా ఊరి పేరు కూడ రావాలన్నరు. అన్నిటికి సరే అన్న. డాక్టరు దగ్గర ఉన్నది ఫ్లాస్కుల వేడి నీళ్లు, నిమ్మ పొడి. వేడిదైతే చాయ్ లెక్క అయితది, చాయ్‌తోని దీక్ష ఇడువరు అన్నడు సారు. సల్లటిదైతే గ్లాసుల గడ్డ కడతది సార్ అన్న. అయితే వేడిదే కానియ్యి, ఫొటో మాత్రం తీయమను అన్నడు.

ఇగ రాజేశం. మాట మొద్దుబారింది, ఒకటే ప్రశ్న మల్ల మల్ల అడుగుతున్నడు, మా ఇంటి ముంగట టెంటు తీసిండ్రా అని. నేను చెప్పితే నమ్మడు. ఫోన్‌ను వాకీటాకీ మూతికి ఆనిచ్చి పట్టుకున్న. ముస్తాబాద్‌ల గుంజలు పీకుతున్న సప్పుడు, రేకు కుర్చీలు మడుస్తున్న సప్పుడు, ఆ వెనుక రాజవ్వ గొంతు.

"పీకుతున్నరు. ఇగో, ఇంటున్నవా? నువ్వు గది తాగు."

తాగిండు. పెంబా ఫొటో తీసిండు. డాక్టరు దండ లేదని తన మెడల మఫ్లరు తీసి ఆయన మెడల వేసి, వెంటనే సూదిమందు పొడిచిండు. ముందర డాక్టరు, నడుమ రాజేశం, వెనుక తాడు పట్టుకొని పెంబా, ముగ్గురు దిగుడు మొదలుపెట్టిండ్రు.

పిల్లలకు ఒక మాట

కొండ మొండిది కాదు, మనిషి మొండోడు. వానికి వాతావరణం లెక్కలు చెప్పి దింపలేరు, భయపెట్టి దింపలేరు. దిగితే తల ఎత్తుకొని తిరుగొచ్చన్న నమ్మకం వాని చేతుల పెట్టాలె. మా దుకాణంల ఎంత గట్టిగ బేరమాడినా, ఆఖరికి కొన్నోనికి తానే గెలిచిన అనిపించి పంపేది మా నాయిన. అన్నింటికంటె పెద్ద చదువు అదే అని నేననుకుంట. పెద్ద చదువులున్న మేనేజర్లు చాలామంది దీన్ని చిన్నతనమనుకుంటరు. అనుకోనియ్యుండ్రి.

ఆ ఏడు రాజేశం మల్ల ఎక్కలేదు, డాక్టరు ఎక్కనియ్యలేదు. రాజేశం పైన ఇడిసొచ్చిన మూడూర్ల జెండాను మంచు కొత్తగ పడేలోపు పెంబా పోయి ఒకటో క్యాంపు నుంచి పట్టుకొచ్చిండు.

కిందికొచ్చిండు

మబ్బులు కమ్ముతుండంగ దూరంల మూడు చుక్కలు కనబడ్డయి. కర్నల్ సాబ్ ఎవరికీ ఏ ఆర్డర్ వేయకుండ ఉరికిపోయి రాజేశంను ఒక రెక్క పట్టుకొని తెచ్చిండు. గుడారంల పండబెట్టి ముక్కుకు ఆక్సిజన్ పెట్టినం. గంట రెండు గంటలకు మనిషి కండ్లల్ల తెలివి వచ్చింది.

సిరిసిల్లకు ఫోన్ కలిపిన. అటు మైకు పెట్టనే ఉన్నది. ముస్తాబాద్ నుంచి అప్పటికే తిరిగొచ్చిన నర్సయ్య సారు ఏదో పెద్ద ఉపన్యాసం సురువు చేసిండు గని జనం ఊకోలేదు, రాజేశంను మాట్లాడమన్నరు. ఫోన్ ఆయన చెవి కాడ పెట్టిన. ఏం మాట్లాడాలెనో తోచక, కిందికచ్చిన అన్నడు. అంతే. మొన్న ఏ మాటకైతే బజారంత మౌనమయ్యిందో ఇప్పుడు అదే మాటకు ఈలలు, సప్పట్లు, డప్పులు. ఫోన్ పగులుతదేమో అన్నట్టున్నది.

రాజేశం ఆ సప్పుడు చానాసేపు ఇన్నడు.

"ఏంది సేటు గిది? ఎక్కినప్పుడు గిన్ని సప్పట్లు కొట్టలే."

 కాళ్ల కాడ కూసొని ఆయన బూట్లు విప్పుడు మొదలుపెట్టిన. అంతసేపు మంచుల కూసున్న కాళ్లు, లోపట వేళ్లు నల్లబడి సచ్చిపోయినయేమో చూడాలె. ఒక జత మేజోళ్లు గుంజిన, దాని లోపటి జత గుంజిన. వేళ్లన్ని ఎర్రగ, తడిగ, సక్కగ ఉన్నయి. బొటనవేలు పట్టుకొని గిచ్చిన. రాజేశం కాలు ఎనుకకు గుంజుకొని నన్ను తిట్టిండు.